లైటు కింది చామంతి

సెప్టెంబరు 21, సోమవారం సాయంత్రం ఆరున్నరకి, కారంపూడి మండలంలోని ఒక ఊరి బయట రోడ్డు పక్కన ఉన్న వీధిలైటుకి గోనెసంచి కట్టారు. కట్టింది అల్తాఫ్. కట్టించింది శ్యామల. మంగళవారం పొద్దున ఏడింటికి సంచి విప్పించింది శ్యామల భర్త వెంకటాద్రి. విప్పింది కూడా అల్తాఫే.

అల్తాఫ్ ఊళ్లో మోటార్లు బాగుచేస్తాడు, పంచాయతీ లైట్లు చూస్తాడు. ఊరికంతటికీ నిచ్చెన ఉన్నది అతని దగ్గరే కాబట్టి, తగాదా ఎవరి మధ్య వచ్చినా రెండు పక్షాలూ అతన్నే పిలవాలి.

"అక్కా, సాయంత్రం మళ్లీ కట్టమంటావా?" అని అడిగాడు, విప్పిన సంచి మడతపెడుతూ. "కట్టమంటే నిచ్చెన ఈడనే వదిలేసి పోతా. మోసుకు తిరగలేకపోతన్నా."

"ఉండనీ" అంది శ్యామల.

"ఉండనీ ఏంది?" అన్నాడు వెంకటాద్రి. "నిచ్చెన తీసుకొనిపో. ఇంకోసారి నా లైటు మీద చెయ్యేశావంటే నీ నిచ్చెన ఉండదు."

"నీ లైటా? పంచాయతీది గదన్నా."

"నేను తెచ్చా."

అది నిజమే. ఆ లైటు కోసం వెంకటాద్రి పంచాయతీ ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగాడు. మోటారు కాడ వైరు రెండుసార్లు పోయింది. అడవిపందులు చేలో పడుతున్నాయి. ఊరికి మంజూరైంది ఒకటే లైటు. దాన్ని తాముండే పడమటి బజారు మలుపులో పెట్టమని, వెంకటాద్రికి వరసకి బావమరిది అయ్యే ఇన్నయ్య పట్టుబట్టాడు. వెంకటాద్రి తన చేను పక్క రోడ్డు మీద పెట్టమన్నాడు. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక సర్పంచి రామలక్ష్మి వచ్చి వెంకటాద్రి చేను పక్కన స్తంభానికి కొబ్బరికాయ కొట్టింది. ఆ ఫొటో వెంకటాద్రి ఫోనులో ఇప్పటికీ మొదటి బొమ్మ. అందులో శ్యామల కూడా ఉంది, హారతి పళ్లెం పట్టుకుని.

ఆ పళ్లెం పట్టుకున్న చేత్తోనే తాను సంచి కట్టించాల్సి వచ్చిందని శ్యామలకి తెలుసు.

స్తంభం పక్కన ఉన్నది అరెకరం. నిరుడు దాకా అందులో మిరప వేశారు. నిరుడే శ్యామల ఇంటి వెనక పది సెంట్లలో చామంతి వేసింది. ఆరుద్ర కార్తెలో పిలకలు నాటితే దసరా దాటాక పూత మొదలై, నవంబరు మూడోవారానికి చెట్టు కనపడకుండా పూసింది. సరిగ్గా అప్పుడే కారంపూడిలో తిరునాళ్ల వచ్చింది. పల్నాటి వీరుల తిరునాళ్ల అంటే ఆ చుట్టుపక్కల పూలకి కరువొచ్చే రోజులు. కారంపూడిలో పూలకొట్టు పెట్టుకున్న శశికాంత్ ఆ పది సెంట్ల పూలన్నీ తీసుకున్నాడు, ఇంకా ఉన్నాయా అని అడిగాడు.

దాంతో శ్యామల అరెకరం అడిగింది. వెంకటాద్రి వెంటనే కాదనలేదు. టీకొట్టు దగ్గర, ఇన్నయ్య వింటుండగా, కూలికి వచ్చే ప్రేమమ్మ కూడా వింటుండగా ఒక మాట అన్నాడు.

"ఒక్క పంట. తిరునాళ్లకి పూలిచ్చిందా, అరెకరం ఆమెది, నేనందులో అడుగుపెట్టను. ఇవ్వలేదా, మళ్లొచ్చే ఏడు మిరప."

"రాసివ్వు" అన్నాడు ఇన్నయ్య.

"నువ్వున్నావు గదా సాక్ష్యం. నువ్వు మర్చిపోతే గదా."

శ్యామల జూన్ నాలుగోవారంలో, ఆరుద్ర రాగానే, అరెకరంలో పిలకలు నాటించింది. ఆగస్టులో తలలు తుంచింది. మొక్కలు గుబురుగా లేచాయి. వినాయక చవితి వెళ్లిన నాలుగోనాడు కలుపు తీస్తున్న ప్రేమమ్మ పిలిచింది.

"శ్యామలమ్మా, ఈడ మిరియాలంత మొగ్గలు పడ్డయి. ఆ రోడ్డు పక్క చూడు, ఆకే తప్ప మొగ్గ లేదు."

శ్యామల చూసింది. నీళ్లు ఒకటే, మందు ఒకటే, నాటిన రోజు ఒకటే. రోడ్డు పక్కన మొక్కలు మిగతావాటికంటే జానెడు ఎత్తు కూడా ఉన్నాయి. ప్రేమమ్మ దిష్టి అంది. ఎరువుల కొట్టాయన ఏదో సీసా ఇచ్చాడు. శ్యామల ఆ సీసా మూత తీయకుండా, మొగ్గ ఉన్న మొక్కకీ లేని మొక్కకీ మధ్య ఒక్కో కట్టెపుల్ల గుచ్చుకుంటూ పోయింది. చివరికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే పుల్లలు నాగలి చాలులాగా లేవు, అర్ధచంద్రంలాగా వంపు తిరిగి ఉన్నాయి. ఆ వంపుకి నడిమధ్య స్తంభం ఉంది.

సాయంత్రం లైటు వెలిగింది. వెలుగు పుల్లల దాకా వచ్చి ఆగింది.

మరుసటి సోమవారం సంచి కట్టించడానికి కారణం అదీ.

మంగళవారం సంచి విప్పాక శ్యామల బస్సెక్కి కారంపూడి వెళ్లింది. శశికాంత్ కొట్లో లేడు, వెనక గోదాములో ఐసుపెట్టెలు దించుతున్నాడు. ముప్పై దాటిన మనిషి. వాళ్ల నాన్న పూజాసామాను అమ్మితే ఇతను దానికి పూలు కలిపాడు. హోసూరు నుంచి, చిక్కబళ్లాపూరు నుంచి సరుకు తెప్పిస్తాడు.

"రాండక్కా. చామంతి ఎట్టా ఉంది?"

"మూడొంతుల్లో రెండొంతులు మొగ్గపడింది. ఒక వంతు పడలా. అక్కడ లైటుంది. లైటుకీ పూతకీ సంబంధం ఉంటదా?"

శశికాంత్ పెట్టె దించి నిలబడ్డాడు.

"మీకెవరు చెప్పారక్కా ఈ లైటు సంగతి? హోసూరోళ్లు చేసే పని గదా అది!"

"ఎవరూ చెప్పలా. మా ఆయన పెట్టించాడు. పందుల కోసం."

శశికాంత్ నవ్వడం మొదలుపెట్టి, ఆమె నవ్వకపోవడం చూసి ఆపాడు. తర్వాత విషయం చెప్పాడు. చామంతికి పంచాంగం సూర్యుడు. పొద్దు పొడుగ్గా ఉన్నన్నాళ్లు ఆకు వేస్తుంది, కొమ్మ వేస్తుంది. పొద్దు కురచై రాత్రి సాగిందని తెలిస్తేనే మొగ్గ తొడుగుతుంది. రాత్రి లైటు వేస్తే దానికి ఇంకా ఎండాకాలం వెళ్లలేదనే లెక్క. హోసూరు వైపు పూలు ఆలస్యంగా కావాలనుకున్నవాళ్లు కావాలనే తోటల్లో బల్బులు కడతారు. లైటు తీసేసిన నాటి నుంచి పూత లెక్క మొదలవుతుంది.

"తీసేసినాక ఎన్నాళ్లకి?"

"రెండు నెలలు దాటుద్ది. డెబ్బై రోజులంటారు వాళ్లు, అటూ ఇటూ."

"పోనియ్యి" అంది శ్యామల. "ఆ వంతు పోయినా మిగతాది నవంబరు మూడోవారానికి అందుద్ది. తిరునాళ్లకి సరిపోద్ది."

శశికాంత్ ఆమె వైపు చూశాడు.

"తిరునాళ్ల డిసెంబరు ఎనిమిదిన గదక్కా."

"నిరుడు నవంబరు ఇరవై."

"నిరుడు. ఈ ఏడు అధికమాసం వచ్చింది గదా. తిరునాళ్ల మొదలయ్యే కార్తీక అమావాస్య డిసెంబరులోకి పోయింది."

శ్యామల పక్కనున్న ఐసుపెట్టె మీద కూర్చుంది.

అధికమాసం సంగతి ఆమెకి తెలియక కాదు. మే నెలలో ఆడబిడ్డ ఇంట్లో గృహప్రవేశం పెట్టుకుంటామంటే, అధిక జ్యేష్ఠం వస్తోంది, నిజ జ్యేష్ఠం దాకా ఆగమని చెప్పింది ఆమే. చంద్రుడి పన్నెండు నెలలు సూర్యుడి ఏడాదికంటే పదకొండు రోజులు తక్కువ. ఆ తరుగు పోగై మూడేళ్లకోసారి దాదాపు ఒక నెల అవుతుంది, ఆ నెలని కలిపి పండగల్ని మళ్లీ కాలానికి సర్దుతారు. గృహప్రవేశానికి శ్యామల ఆ లెక్క వేసింది. చేనికి వేయలేదు. చేనికి ఆ ప్రాంతంలో ఎవరూ వేయరు. విత్తడం కార్తెని బట్టి, కార్తె సూర్యుణ్ణి బట్టి. ఆరుద్ర ఏ ఏడైనా జూన్ నాలుగోవారంలోనే వస్తుంది. చేలో సూర్యుడి లెక్క, ఇంట్లో చంద్రుడి లెక్క, రెండూ పక్కపక్కన నడుస్తాయి. మిరపకి తిరునాళ్లతో పనిలేదు కాబట్టి వెంకటాద్రి ఇంట్లో ఆ రెండూ ఎన్నడూ ఢీకొనలేదు.

"పండగ జరిగింది" అంది శ్యామల. "మొక్క జరగదు గదా."

"జరగదు. మొగ్గపడ్డవి నవంబరు మొదట్లోనే విచ్చుకుంటయి. దీపావళికి తీసుకుంటా, కార్తీక సోమవారాలకి తీసుకుంటా. డిసెంబరు ఎనిమిదికి మోళ్లు మిగుల్తయి."

తర్వాత శ్యామల వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టింది, డిసెంబరు ఎనిమిది నుంచి వెనక్కి. నవంబరు దాటింది, అక్టోబరు దాటింది, సెప్టెంబరు చివర్లో ఆగింది.

"శశికాంత్, ఆ లైటు కింది వంతు ఇప్పుడు చీకట్లో పెడితే?"

అతను కూడా లెక్కపెట్టాడు. ఆమె ఆగిన చోటే ఆగాడు.

"ఈ పౌర్ణమి దాటకూడదక్కా. దాటిందా, తిరునాళ్ల అయినాక పూస్తయి. పౌర్ణమి అయిన తెల్లారి నాకు ఫోన్ చెయ్యండి. మీరు లేదంటే నేను హోసూరుకి చెప్పుకోవాలి."

పౌర్ణమి శనివారం.

తిరుగు బస్సులో శ్యామలకి కిటికీ పక్క సీటు దొరికింది. ఊరు వచ్చేదాకా ఒకటే ఆలోచన. లైటు వల్ల పోయిందనుకున్న వంతే ఇప్పుడు ఆమెకి మిగిలింది. అరెకరంలో తిరునాళ్లకి అందే మొక్కలు ఆ అర్ధచంద్రంలో ఉన్నవే. అవి అందేది వెంకటాద్రి పెట్టించిన లైటు వల్ల. ఈ మాట వెంకటాద్రి చెవిన పడితే ఊళ్లో ఇంక ఎవరినీ ప్రశాంతంగా టీ తాగనివ్వడు. పైగా మిగతా చేను తిరునాళ్లకి అందదని తెలిస్తే మిరప మిరప అంటాడు. అందుకని ఆమె తిరునాళ్ల తేదీ ఎత్తకూడదనుకుంది. అతను అడిగితే చెబుతుంది. అతను అడగడు. క్యాలెండరులో డిసెంబరు పేజీని డిసెంబరు దాకా ఆ ఇంట్లో ఎవరూ తిప్పరు.

"ఏమన్నాడే శశికాంత్?" అన్నాడు వెంకటాద్రి అన్నం తింటూ.

"లైటు తియ్యమన్నాడు."

"పూలమ్ముకునేవాడికి లైటుతో ఏం పని?"

"చీకటి లేకపోతే చామంతి మొగ్గెయ్యదంట."

"పందులు రాకుండా పెట్టించా. పూలు రాకుండా కాదు. ఆరు వారాలు కాలా ఆ లైటు వచ్చి. ఇప్పుడు ఆపమంటే ఇన్నయ్య మొహం ఎట్టా చూసేది?"

"ఇన్నయ్య మొహం చూడబాక. చేను చూడు."

"చేను పగలు చూస్తన్నా గదా."

మూడు రోజులు ఇదే నడిచింది. గురువారం శ్యామల రామలక్ష్మి ఇంటికి వెళ్లి చెప్పింది. రామలక్ష్మికి అరవై ఏళ్లు, సర్పంచిగా రెండోసారి. వెంకటాద్రికి వరసకి పెద్దమ్మ. అంతా విని, శనివారం పొద్దుగూకేటప్పుడు పంచాయతీ ఆఫీసు దగ్గరికి ఇద్దర్నీ రమ్మంది.

శనివారం సాయంత్రం ఆరున్నరకి ఆఫీసు అరుగు మీద పదిహేనుమంది దాకా ఉన్నారు. పిలిచింది ఇద్దర్నే. ఇన్నయ్య అందరికంటే ముందు వచ్చి కుర్చీ సంపాదించాడు. అల్తాఫ్ నిచ్చెన గోడకి ఆనించి పక్కన నిలబడ్డాడు. ఎవరు గెలిచినా తన అవసరం ఉంటుందని అతనికి తెలుసు.

శ్యామల చెప్పింది. పుల్లల సంగతి, హోసూరు సంగతి. పొద్దు, రాత్రి సంగతి.

"అయితే పెద్దమ్మా" అన్నాడు వెంకటాద్రి, లేచి. "చీకటి కావాలంటంది గదా. మరి వెన్నెలో? నెలకి పది రోజులు వెన్నెల కాస్తది. దానికి లేని అడ్డం నా లైటుకేంది? దేవుడు పెట్టిన లైటుకి మొగ్గేస్తది, పంచాయతీ పెట్టిన లైటుకి వెయ్యదా?"

అరుగు మీద కొందరు తలూపారు. మాట బాగుంది. చంద్రుడి సంగతి శశికాంత్ చెప్పలేదు, శ్యామల అడగలేదు. తూర్పున అప్పుడే మబ్బుల్లోంచి చంద్రుడు లేస్తున్నాడు. ఆమె చూపు ఇన్నయ్య చేతిలో ఉన్న పేపరు మీద పడింది.

"నీ లైటు కింద పేపరు చదవొచ్చా?" అంది.

"ఎందుకు చదవకూడదు? మొన్న మోటారు కాయితం చదివా."

"వెన్నెల్లో చదువు."

"ఏంది?"

"వెన్నెలా లైటూ ఒకటే అన్నావు గదా. ఆ పేపరు వెన్నెల్లో చదువు. చదివితే సంచి నేనడగను."

ఇన్నయ్య అప్పటికే పేపరు చాపాడు. రామలక్ష్మి ఆఫీసు లైటు ఆర్పించింది. అందరూ వెనకున్న ఖాళీ స్థలంలోకి వెళ్లారు. చంద్రుడు మబ్బు చాటుకి వెళ్లాడు. ఆగారు. మబ్బు తొలిగింది. నేల మీద మనుషుల నీడలు పడ్డాయి.

"చానా వెలుతురుంది" అన్నాడు వెంకటాద్రి, పేపరు విప్పుతూ. "పిల్లకాయలు కూడా చదువుతారు."

"చదువురా మరి" అంది రామలక్ష్మి.

వెంకటాద్రి గొంతు సవరించుకున్నాడు. "రానున్న రెండు రోజుల్లో పల్నాడు జిల్లాలో అక్కడక్కడ తేలికపాటి వానలు. పిడుగులు పడే అవకాశం. రైతులు చెట్ల కింద ఉండరాదు." ఎక్కడా తడబడలేదు.

అల్తాఫ్ నిచ్చెన వైపు చూశాడు. శ్యామలకి అరెకరం, మిరప, తిరునాళ్ల అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. తర్వాత ఆమెకి ఒక సంగతి గుర్తొచ్చింది. పొద్దున ఆ వానల వార్తని ఇంట్లో గట్టిగా రెండుసార్లు చదివింది ఇతనే. మోటారు గది మీద రేకులు సర్దించాలని కూడా అన్నాడు.

ఆమె ఫోను తీసి టార్చి వేసింది.

పేపరు తలకిందులుగా ఉంది. వెంకటాద్రి కళ్లెదుట ఉన్న పేజీలో ట్రాక్టరు టైర్ల ప్రకటన ఉంది. ట్రాక్టరు చక్రాలు పైకి పెట్టుకుని ఉంది.

మొదట నవ్వింది ప్రేమమ్మ. తర్వాత ఎవరు ఎవరి మీద పడ్డారో చెప్పలేం. ఇన్నయ్య కుర్చీ తెచ్చుకోకుండా వచ్చాడు కాబట్టి నేల మీద కూర్చున్నాడు.

"బావా, ఇంకా చదువు!" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఆ ట్రాక్టరు పిడుగు పడి తిరగబడిందా?"

"ఒరేయ్ ఎంకటాద్రీ" అంది రామలక్ష్మి. "చామంతి నయం రా నీకంటే. వెన్నెలేదో లైటేదో దానికి తెలుసు."

వెంకటాద్రి పేపరు మడిచి ఇన్నయ్యకి ఇచ్చాడు. "చిన్న అక్షరాలు" అన్నాడు.

లైటు ఆపడం దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చిక్కుపడింది. ఆపే పనైతే తమ బజారుకి మార్చమన్నాడు ఇన్నయ్య. స్తంభం పీకినా సరే గానీ ఇన్నయ్యకి ఇవ్వనన్నాడు వెంకటాద్రి. రోడ్డు మీద వెలుతురు కావాల్సిందేనని పాలకేంద్రానికి వెళ్లేవాళ్లు అన్నారు. శ్యామల ఆకాశం వైపు చూసింది. చంద్రుడు రెండు బారలు పైకొచ్చాడు.

"గానుగెద్దుకి కళ్లకి కట్టరూ?" అంది ప్రేమమ్మ. "అట్టా చేను వైపు గంత కట్టండి. రోడ్డు వైపు వదిలెయ్యండి."

ఇంతమంది ఐదు రోజుల నుంచి ఆ ముక్క ఎందుకు అనుకోలేదో ఎవరూ చెప్పలేదు. రామలక్ష్మి ఇంటి నుంచి ఖాళీ నూనెడబ్బా తెప్పించింది. అల్తాఫ్ దాన్ని నిలువునా కోసి, వంచి, ఎనిమిదింటికి నిచ్చెనెక్కి లైటుకి చేను వైపు బిగించాడు. వెలుగు రోడ్డు మీద పడింది. చేనుగట్టు దగ్గర తెగిపోయింది. శ్యామల గట్టు దిగి పుల్లల దాకా నడిచింది. మొక్కల మీద వెన్నెల తప్ప ఏమీ లేదు.

ఆదివారం పొద్దున ఆమె శశికాంత్‌కి ఫోన్ చేసింది. "హోసూరుకి చెప్పబాక" అంది.

అక్టోబరులో పొద్దు ఇంకా కురచైంది. పాలకేంద్రానికి వెళ్లేవాళ్లు సైకిలుకి లైటు వేసుకోవడం మొదలుపెట్టారు. అర్ధచంద్రంలో దసరా తర్వాత మొగ్గ కనిపించింది. మిగతా చేను నవంబరు మొదటి వారంలో పూసింది. దీపావళికి ఆ పూలు వెళ్లాయి. కార్తీక సోమవారాలకి వెళ్లాయి. నవంబరు నాలుగోవారం నాటికి ప్రేమమ్మ ఆఖరి బుట్ట కోసింది.

వెంకటాద్రికి టీకొట్టులో తిరునాళ్ల తేదీ తెలిసింది. నేరుగా చేలోకి వచ్చాడు. కోసిన మొక్కల మధ్య నిలబడ్డాడు.

"డిసెంబరు ఎనిమిదంట."

"అవును."

"నీకు తెలుసా?"

"సెప్టెంబరులోనే తెలుసు."

"నాకు చెప్పలేదేందే?"

"చెబితే మిరప అనేవాడివి."

వెంకటాద్రి ఆలోచించాడు. "అనేవాణ్ణే" అన్నాడు. అప్పుడు రోడ్డు వైపు తిరిగాడు. మిగతా చేలో మోళ్లుంటే, స్తంభం కింద మాత్రం మొక్క నిండా మొగ్గ ఉంది, శనగగింజంత. అతను మొగ్గల్నీ, స్తంభాన్నీ, డబ్బానీ మార్చిమార్చి చూశాడు. సంగతి అర్థమవుతున్నకొద్దీ అతని మొహంలో వచ్చిన మార్పుని శ్యామల చూసింది. రెండు నెలలుగా ఆమె భయపడుతున్నది ఆ మార్పుకే.

"అంటే నా లైటు వల్ల…"

"నోరు మూసుకోవయ్యా. ఇంకా పుయ్యలా."

డిసెంబరు ఒకటిన కూడా పూయలేదు. రెండు రోజులు మబ్బు పట్టింది, మంచు పడింది. మొగ్గలు పసుపు చూపించాయి గానీ విచ్చుకోలేదు. శశికాంత్ రోజుకి రెండుసార్లు ఫోన్ చేశాడు. వెంకటాద్రి పొలంలో వేరే పని లేనట్టు పొద్దునా సాయంత్రం గట్టు మీదే కూర్చున్నాడు.

"డబ్బా తీసి లైటు వేస్తే వెచ్చదనానికి విచ్చుకుంటయేమో" అన్నాడు రెండో తేదీన.

"నువ్వు ఆ స్తంభం దగ్గరికి పోబాక. నీకు దణ్ణం పెడతా."

మూడో తేదీ మబ్బు విడిచింది. నాలుగో తేదీ మధ్యాహ్నానికి వంపు చివర్లో ఉన్న మొక్కలు విచ్చుకున్నాయి. ఐదున మధ్యలోవి. ఆరున స్తంభం మొదట్లోవి.

ఏడో తేదీ, సోమవారం తెల్లవారగానే ఎనిమిదిమంది కోతకి దిగారు. కోయడానికి ఇన్నయ్య భార్య తమ వీధి నుంచి మరో ముగ్గుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పది గంటలకి బుట్టలు ట్రాలీ ఆటోలోకి ఎక్కాయి. వెంకటాద్రి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. శ్యామల బుట్టల మధ్య కూర్చుంది. శశికాంత్ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. మొదటి బుట్ట మూత తీసి చూసి, మిగతావి తీయకుండానే లోపలికి పంపించాడు.

మంగళవారం తిరునాళ్ల మొదలైంది. ఊరు ఊరంతా వెళ్లింది. మిఠాయి కొట్టు దగ్గర వెంకటాద్రి ఇన్నయ్యకి దండలు చూపించాడు.

"చూశావా? నా లైటు కింద పూసినవి."

"నీ లైటా, రామలక్ష్మమ్మ నూనెడబ్బానా?"

"డబ్బా అందరిళ్లల్లో ఉంటది. లైటు నేను తెచ్చా."

"సరే బావా. అరెకరం మాటో? నేను సాక్ష్యం."

"అరెకరం ఆమెది" అన్నాడు వెంకటాద్రి. "అందులో నేను అడుగుపెట్టను. గట్టు మీద కూర్చుంటా. గట్టు గురించి ఎవరూ మాట్లాడలా."

శుక్రవారం అతను పంచాయతీ ఆఫీసుకి వెళ్లాడు. చేనికి అవతలి పక్కన ఇంకో లైటు కావాలని అడిగాడు. దానికి స్విచ్చి చేను గట్టు మీద ఉండాలని కూడా అడిగాడు. ఈసారి వచ్చే లైటు పడమటి బజారుదని రామలక్ష్మి చెప్పింది.

ఆ వారమే కిరాణాకొట్టువాళ్లు వచ్చే ఏడాది క్యాలెండరు పంచారు. శ్యామల దాన్ని గోడకి తగిలించకముందే పేజీలు తిప్పింది. తిరునాళ్ల నవంబరు ఆఖరి వారంలో ఉంది. వేళ్ల కణుపుల మీద డెబ్బై రోజులు వెనక్కి లెక్కపెట్టి, సెప్టెంబరు పేజీలో లైటుకి డబ్బా కట్టాల్సిన రోజుకి సున్నా చుట్టింది.